ఫోనులోంచి తాళం తీసిన మా బావ

మా బావ తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆయన బజారులో అడుగుపెడితే కొట్లవాళ్లకు చెమటలు పట్టేవి. తూకపు రాయి అరిగిందా, పళ్లెం కింద మైనం అంటించారా, ముల్లు వెంట్రుకవాసి పక్కకు ఒరిగిందా అని నేల మీద మోకాళ్లూని మరీ చూసేవాడు. సొంత తండ్రి తూచి ఇచ్చినా నమ్మని మనిషి. అలాంటివాడి చేతికి కూతురు ఒక స్మార్ట్ ఫోను కొనిచ్చింది. అంతటితో అయిపోయింది. కింద ‘పదిమందికి పంపండి’ అని రాసి ఉంటే చాలు, పైన ఏ చెత్త ఉన్నా మా బావకు అది ప్రభుత్వ ముద్ర వేసిన తూకమే.

వీధిలో చిన్నాపెద్దా అంతా ఆయన్ని చిట్కాలాయన అంటారు. ఎదురుగా కూడా అంటారు. ఆయన దాన్ని బిరుదనుకుంటాడు.

ఒకసారి ఫోనులో ఛార్జింగ్ ఆవిరైపోకుండా ఉంటుందని ఎవరో పంపితే దాన్ని ఫ్రిజ్‌లో, అదీ మంచు గడ్డకట్టే అరలో పెట్టాడు. నేను ఫోను చేస్తే మా అక్క తీసింది. ‘హలో’ అన్న మాట నా చెవిలోకి రావడానికి ఎంతసేపు పట్టిందనుకున్నారు? గడ్డకట్టి ఉందేమో, కరిగి రావాలి కదా. ఇంకోసారి ఫోను బకెట్లో పడింది. బియ్యం డబ్బాలో పూడ్చాడు. బియ్యానికీ తడి ఫోనుకూ ఏం చుట్టరికమో నాకు తెలియదు. బల్ల మీద గాలికి వదిలేసినా అంతే ఆరుతుంది, పైగా బియ్యపు నలక లోపలికి పోకుండా ఉంటుంది. మొత్తానికి ఫోను చచ్చింది, ఆ బియ్యం మాత్రం వండుకు తిన్నారు. ఆ తర్వాత కొన్నాళ్లు ఆ ఇంట్లో ఎవరు తేన్చినా పక్కింటివాళ్లు తమ ఫోను మోగిందని పరిగెత్తేవాళ్లు. నమ్మితే నమ్మండి, లేకపోతే పదిమందికి పంపండి.

ఇంతవరకూ నవ్వులాటే. ఇక్కణ్ణుంచి కాదు.

ఆ కూతురు, అంటే నా మేనకోడలు, ఒక బట్టల కొట్టులో కౌంటరు వెనక నిలబడే ఉద్యోగం చేసేది. పొద్దున నిలబడితే దీపాలు పెట్టేదాకా నిలబడాల్సిందే. కౌంటరు కింద స్టూలు పెట్టుకుంటే కొట్టాయనకు మర్యాద తక్కువ. దాని కాళ్లు సాయంత్రానికి దిండ్లలా ఉబ్బేవి. చివరికి విసుగెత్తి ఉద్యోగం మానేసి, పట్నం చివర ఓ రేకుల షెడ్డు వేయించి కోళ్ల పెంపకం మొదలుపెట్టింది. మా అక్కకు అది ససేమిరా ఇష్టం లేదు.

“మొదటి విడత పిల్లలు నిలబడ్డాయా, షెడ్డు నీది, నీ ఇష్టం. పోయాయా, మారుమాట్లాడకుండా మళ్లీ కొట్టుకెళ్లి నిలబడు. వారం చివరిదాకా నీ చోటు ఖాళీగా ఉంచుతానన్నాడాయన” అంది.

పిల్ల సరేనంది. దాని జీవితమంతా ఆ మొదటి విడతకు కట్టి ఉంది.

హేచరీ నుంచి కోడిపిల్లల్ని తెచ్చే రోజు వచ్చింది. అవి రాకముందే షెడ్డులో పొట్టు పరిచి, బల్బులు వేలాడదీసి, నేల వెచ్చగా ఉంచాలి. అందుకని మేనకోడలు కదలడానికి లేదు. వాళ్ల నాన్న వ్యాను తోలుకుంటూ బయల్దేరాడు. తోడుకు నేను. బయల్దేరేముందు పిల్ల కిటికీలోకి వంగి మరీ చెప్పింది.

“నాన్నా, దారిలో ఎక్కడా ఆగకు. బండి నడుస్తున్నంతసేపే వాటికి గాలి. ఆగితే ఉడికిపోతాయి.”

“నాకు చెప్తున్నావా?” అన్నాడు బావ.

“నీకే చెప్తున్నా. మావయ్యా, నువ్వు చూస్కో.”

హేచరీలో అప్పుడే గుడ్డు పగిలి వచ్చిన పసుపుపచ్చ పిల్లల్ని చిల్లులున్న అట్టపెట్టెల్లో సర్ది వ్యాను వెనక భాగం నిండా పేర్చారు. బండి కదిలింది. నాలుగు కిటికీలూ తెరిచి ఉన్నాయి. వెనకనుంచి వానచినుకులు రేకు మీద పడుతున్నట్టు ఒకటే కిచకిచలు. ఎండ మండిపోతున్నా ప్రాణానికి హాయిగా ఉంది.

సగం దారి దాటి ఒక బజారులోకి వచ్చేసరికి బావ జేబులో ఫోను మోగింది.

“ఆపకు బావా” అన్నాను.

“ఇనుప బండిలో కూర్చుని ఫోను మాట్లాడితే రేడియేషను గోడలకు కొట్టుకుని తిరిగి మన మెదడులోకే వస్తుందోయ్. మైక్రోవేవులో పెట్టిన గుడ్డు అవుతుంది బుర్ర.”

“కొత్తగా ఉడకడానికి అందులో ఏముందని?”

ఆయన వినిపించుకోలేదు. రోడ్డు పక్కగా, ఒక మంగలిషాపు ముందు బండి ఆపేశాడు. దిగబోతూ తాళంచెవి తీసి సీటు మీద పెట్టాడు. తాళంచెవితో పాటే దాని రిమోటు.

“అదేంటి, చేతిలో పెట్టుకో” అన్నాను.

“ఫోను పక్కన రిమోటు ఉంచితే దాని జ్ఞాపకశక్తి పోతుంది. పోయిన నెలే వచ్చింది. చదవలేదూ నువ్వు?”

నా ఫోను బటన్లది. అందులోకి ఏ జ్ఞానమూ రాదు.

“కిటికీలెత్తు. సందులోంచి కొక్కెం పెట్టి లాగేస్తున్నారట దొంగలు. నీ వైపు లాకు బొడిపె కూడా నొక్కి తలుపెయ్యి” అన్నాడు. ఎత్తాను, నొక్కాను, వేశాను. కాదంటే ఇంకో చిట్కా వినాలి. ఆయనా తన వైపు బొడిపె నొక్కి తలుపు దభీమని వేశాడు.

అప్పుడు ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అద్దంలోంచి సీటు మీద తాళంచెవి మాకేసి చూస్తోంది.

“ఏం ఫరవాలేదు” అన్నాడు బావ. ఆయన ఆ మాటన్నాడంటే, భయపడాల్సిన సంగతి మొదలైందన్నమాట. ఆ వచ్చిన ఫోను సంగతి కూడా చెప్పాలి. దేశంలో ఫోనులన్నీ రేపు పేలిపోతాయట, ఆ కబురు అందిందా లేదా అని ఆయన స్నేహితుడు కనుక్కుంటున్నాడు.

“అక్క దగ్గర రెండో రిమోటు ఉంది కదా. బస్సెక్కి తెమ్మను” అన్నాను.

“రావడమెందుకు?” జాలిగా చూశాడు నన్ను. “ఇంకా మనుషులు మోసుకురావాల్సిన కాలమా ఇది? నా ఫోను తలుపుకు ఆనించి పెడతా. మీ అక్క అక్కడ తన ఫోను దగ్గర రిమోటు నొక్కుతుంది. ఇక్కడ తలుపు తెరుచుకుంటుంది. ఎంత దూరమైనా సరే. పెద్ద పెద్ద కంపెనీలు దాచిపెట్టిన రహస్యం.”

మంగలి తన కుర్చీలో సగం గడ్డంతో ఉన్న మనిషిని వదిలేసి గుమ్మంలోకి వచ్చాడు. ఆ సగం గడ్డమూ మెడలో తువ్వాలుతో వెనకే వచ్చింది. పక్కనున్న మందుల షాపాయన కౌంటరు మీదికి వంగాడు.

బావ ఫోను లౌడ్‌స్పీకరులో పెట్టి తలుపు పిడికి ఆనించాడు.

“ఏమేవ్, రిమోటు తెచ్చావా? ఫోను దగ్గర పెట్టి నొక్కు.”

“ఎక్కడ పెట్టాలండీ? మాట్లాడే చోటా, వినే చోటా?” మా అక్క గొంతు వ్యాను తలుపులోంచి వస్తోంది.

“మాట్లాడే చోట. నొక్కు.”

“నొక్కాను.”

“గట్టిగా నొక్కు.”

“ఇంకెంత గట్టిగా నొక్కను? ఇదేమైనా పీకా?”

తలుపు ఉలకలేదు, పలకలేదు. రిమోటు పంపేది చప్పుడు కాదు, కంటికీ చెవికీ అందని తరంగం. ఫోను మోసుకొచ్చేది చప్పుడొక్కటే. మా అక్క పొయ్యి దగ్గర నిలబడి ఫోనులోకి కూర వాసన చూపిస్తే నాకిక్కడ ఆకలి తీరుతుందా? ఇదీ అంతే. ఇంతమాత్రం ఆలోచించడానికి ఏ చదువూ అక్కర్లేదు. కానీ రాళ్లనూ ముళ్లనూ అనుమానించిన ఆ కళ్లు ఫోను అద్దం మీద పడగానే చేపకళ్లయిపోతాయి.

“మా బావమరిదికి తెరుచుకుంది సార్, ఇలాగే” అన్నాడు మంగలి.

“నువ్వు చూశావా?” అన్నాను.

“చూళ్లేదు. పంపించాడు.”

“ఏంటి, తలుపా?”

“మెసేజి.”

సగం గడ్డం ఊరుకుంటాడా? “బంతికి చిల్లు పెట్టి తాళం కన్నం మీద గుద్దితే గాలికి తెరుచుకుంటుందండీ. వీడియో ఉంది, చూస్తారా?” అని ఫోను తీశాడు. ముగ్గురూ దాని మీదికి వంగారు. లోపల కోడిపిల్లలు ఉడుకుతుంటే బయట పెద్దమనుషులు బంతి వీడియో చూస్తున్నారు.

నేను అద్దానికి చెవి ఆనించాను. అద్దం చెయ్యి కాలేంత వేడెక్కింది. వాన పలచబడుతున్నట్టుంది కిచకిచ. మొదట గోలగోలగా ఉన్నది విడివిడిగా వినిపిస్తోంది. దగ్గరి పెట్టె చిల్లులోంచి ఒక ముక్కు బయటికి వచ్చి తెరుచుకుని, మూసుకోవడం మరిచిపోయింది.

“బావా, అద్దం పగలగొడదాం.”

“పిచ్చా నీకు? కొత్త బండి. కంపెనీ అద్దం పోతే మళ్లీ అంత బాగా అమరుతుందా? ఒక్క నిమిషం. ఏమేవ్! ఫోను తిప్పి పట్టుకుని నొక్కు!”

“తిప్పి, బోర్లించి, అన్ని రకాలా నొక్కానండీ. మన వీధిలో ఎవరిదో కారు తెరుచుకున్నట్టుంది, మీది తెరుచుకుందా?”

నవ్వకండి. నవ్వొచ్చే సమయం కాదని చెప్పాను కదా. నాకూ వచ్చింది, మింగాను.

ఇంతలో బావ ఫోను టింగుమని ఏడ్చింది. ఛార్జింగ్ అడుగంటిందట. మంచి వైద్యుడికి రోగి దొరికినట్టు మా బావ మొహం వెలిగిపోయింది.

“చూస్తూ ఉండు. ప్రతి ఫోనులోనూ దాచిన బ్యాటరీ సగం ఉంటుంది. ఒక రహస్య నంబరు కొడితే అది బయటికొస్తుంది. అందుకే నేను పొద్దున ఛార్జింగ్ పెట్టలేదు. ఊరికే ఎందుకు కరెంటు దండగ?”

చుక్కలూ గళ్లూ అంకెలూ కొట్టాడు. ఫోను ఒక్కసారి నల్లబడింది. మా అక్క గొంతు మాట మధ్యలో పోయింది. ఆయన దాన్ని చొక్కాకు తుడిచాడు. అరచేతుల మధ్య రుద్దాడు. చివరికి దాని మీద ఊదాడు. సగం గడ్డం కూడా ఊదబోయాడు.

మందుల షాపాయన అన్నాడు: “ఎమర్జెన్సీ నంబరు కొట్టండి. బ్యాలెన్సు లేకపోయినా, మన కంపెనీ సిగ్నలు లేకపోయినా, పక్క కంపెనీ టవరు మీదైనా కలుస్తుంది.”

ఆ ముక్క నిజమే. అదే ఈ చిట్కాలతో వచ్చిన చిక్కు. పూర్తిగా అబద్ధాలైతే అవతల పారేయవచ్చు. ఇవి అలా రావు. కల్తీ సరుకు బస్తాలో పైన గుప్పెడు మంచి గింజలు పోసినట్టు ఒక నిజం పైన పెట్టి, దాని కింద ఎన్ని పురుగులున్నాయో ఎవరికి వాళ్లు ఏరుకోమంటాయి. కానీ నిజమైన ఆ నంబరు కొట్టడానికి కూడా ప్రాణమున్న ఫోను కావాలి. బావది చచ్చింది.

నాది ఉంది. నేను షాపు పక్కకు వెళ్లి, ఎమర్జెన్సీ నంబరు కాదు, మేనకోడలి నంబరు నొక్కాను. దాని దగ్గర స్కూటరుంది. పట్నం చివరినుంచి ఇక్కడికి దగ్గర దారి ఉంది.

“ఎక్కడిదాకా వచ్చారు మావయ్యా? బల్బులన్నీ వేసి ఉంచాను.”

“మంగలిషాపుల బజారులో ఆగాం తల్లీ. తలుపులు పడిపోయాయి. తాళం లోపల.”

అటునుంచి ఒక్కటే అడిగింది.

“కిటికీలు?”

“ఎత్తి ఉన్నాయి.”

ఫోను పెట్టేసింది.

నేను వెనక్కి వచ్చేసరికి బావ మంగలిషాపులో ఫోను ఛార్జింగు పెట్టించి, అది లేచేదాకా ఆగమంటున్నాడు. ఇంక ఆగలేకపోయాను. రోడ్డు పక్కనుంచి ఒక రాయి తీసి ముందు తలుపు అద్దం నడిమధ్యన కొట్టాను. రాయి ఎగిరి నా కాలి మీదే పడింది. అద్దం మీద గీత కూడా లేదు.

“ఒరే ఒరే!” బావ నా రెక్క పట్టుకున్నాడు. “నా బండి మీద రాళ్లేస్తావా?”

“నీ బండి మాటకేంలే. లోపలున్నవి ఎవరివి?”

“నా కూతురివి!”

“మరి చంపుతున్నదెవరు?”

ఆ మాటకు ఆయన చెయ్యి వదిలేశాడు. మొదటిసారి వంగి అద్దంలోంచి వెనక్కి చూశాడు. అంతదాకా తాళంచెవినే చూశాడు, పెట్టెల్ని చూడలేదు. పై పెట్టె అట్ట పక్కకు జరిగి సందు పడింది. లోపల పిల్లలు రెక్కలు జార్చేసి, మెడలు చాచి, నోళ్లు తెరుచుకుని పడి ఉన్నాయి. ఇప్పుడు చప్పుడు లేదు.

“ఏం చేద్దాంరా?” అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఆయనకు తెలియని విషయం ఒకటుందని ఆయన నోటితో అడగడం అదే మొదలు.

స్కూటరు వచ్చి బండికి గుద్దుకున్నంత పనై ఆగింది. పిల్ల దిగలేదు, దూకింది. ఒంటి నిండా పొట్టు. తండ్రి మొహం చూడలేదు, నా మొహం చూడలేదు. స్కూటరు సీటు కింది నుంచి మొనదేరిన స్క్రూడ్రైవరు, స్పానరు తీసింది.

“మధ్యలో పగలదమ్మా, ఇప్పుడే కొట్టాను” అన్నాను.

“మధ్యలో కాదు మావయ్యా, మూలన కొట్టాలి.”

స్క్రూడ్రైవరు మొన అద్దం కింది మూలకు ఆనించి స్పానరుతో ఒక్క దెబ్బ వేసింది. అద్దమంతా పటికబెల్లంలా జలజలా రాలింది. చెయ్యి లోపలికి పెట్టి బొడిపె లాగింది. తలుపులన్నీ తెరిచాం. లోపలినుంచి వచ్చిన సెగకు సగం గడ్డం వెనక్కి గెంతాడు.

“చూశావా” అన్నాడు బావ నా చెవిలో. “మూలన కొట్టాలన్నది, పోయిన ఏడాది నేను పంపించిందే.”

చిట్కాలాయన పంపిన వేయింటిలో ఒకటి నిజమైంది. ఆ ఒక్కటీ తనదాకా వస్తే ఆయనకు గుర్తు రాలేదు.

పెట్టెలన్నీ దించి మంగలిషాపు నీడలో పరిచాం. మంగలి లోపలున్న ఫ్యాను గుమ్మంలోకి తెచ్చి పెట్టాడు. మందుల షాపాయన అట్టముక్కతో విసిరాడు. పిల్ల ఒక్కొక్క పెట్టె మూత తీసి, కదలని వాటిని ఒక పక్కకు ఏరింది. అడుగు పెట్టెల్లోవి చాలా పోయాయి. పైవాటిలో కాస్త గాలి తగలగానే ఒకటి కిచ్‌మంది. దాన్ని చూసి ఇంకోటి. మేనకోడలు ఏడవలేదు. ఏరుతూనే ఉంది.

కిటికీ లేని బండిలో, అడుగడుగునా అద్దం ముక్కలు ఒంట్లో గుచ్చుకుంటూ ఉండగా షెడ్డు చేరాం. మేం చేరిన కాసేపటికి మా అక్క బస్సు దిగి, చేతిలో రిమోటుతో ఆయాసపడుతూ వచ్చింది. మాట మధ్యలో ఫోను తెగిపోతే ప్రమాదమేదో జరిగిందనుకుందట. నొక్కీ నొక్కీ రిమోటు బటను లోపలికి పోయి ఉంది.

షెడ్డులో బల్బుల కింద మేనకోడలు మఠం వేసుకుని కూర్చుంది. పెట్టెలోంచి ఒక్కో పిల్లను తీసి, ముక్కు మాత్రం నీళ్ల పళ్లెంలో ముంచి వదులుతోంది. ఒక్కసారి ముంచితే వాటికి నీళ్లంటే ఏమిటో తెలుస్తుందట. తెలియకపోతే పళ్లెం పక్కనే దాహంతో చచ్చిపోతాయట. నేనూ కూర్చుని ముంచుతున్నాను.

బావ గోడ చుట్టూ తచ్చాడాడు.

“అమ్మడూ, ఒక్క బల్బు తీసి ఫోను ఛార్జింగ్ పెట్టుకోనా?”

మేనకోడలు తలెత్తి చూసింది. ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు.

“ఎన్ని పోయాయే?” అంది మా అక్క గుమ్మంలోనే నిలబడి.

“చాలా పోయాయమ్మా. మిగిలినవి ఏమవుతాయో రేపటికి గానీ తెలీదు.” ఒక పిల్లను ముంచి వదిలింది. “మాటంటే మాటే. కొట్టుకు వెళ్తాలే. వీటిని ఎవరికైనా ఇచ్చేసి వెళ్తా.”

మా అక్క చాలాసేపు ఆ పొట్టు మీద తూలుతున్న పసుపుపచ్చ ముద్దల్ని చూసింది. తర్వాత మొగుణ్ణి చూసింది. మా అక్క అలా చూస్తే పాలు విరుగుతాయి.

“విడత పోతే నిలబడమన్నాను. పోగొట్టింది నువ్వా?” అంది కూతురితో. “ఒరేయ్ తమ్ముడూ, నీ ఫోను పనిచేస్తోందా?”

“చేస్తోందక్కా.”

“బట్టల కొట్టాయనకు ఫోను చెయ్యి. మా అమ్మాయి రాదు, ఆ చోటు ఇంకెవరికైనా ఇచ్చుకోమని చెప్పు. లేదూ, నిలబడే మనిషి కావాల్సిందే అంటే మా ఆయన్ని పంపుతానను. ఊరికే ఉన్నాడు.”

మేనకోడలు తల దించుకుంది. నీళ్ల పళ్లెంలో ఒక్కసారిగా చినుకులు పడ్డాయి. ముంచడం మాత్రం ఆపలేదు.

నేను కొట్టాయనతో మాట్లాడి వచ్చేసరికి బావ కూడా కింద చతికిలబడి ఉన్నాడు. రెండు చేతులూ తడి. ఒక పిల్లను గుడ్డును పట్టుకున్నంత భయంగా పట్టుకుని ముక్కు ముంచాడు. అది మెడ పైకెత్తి, కళ్లు మూసుకుని, గుటక వేసింది. ఆయన నోరు తెరుచుకుని చూశాడు.

“ఇలా ముంచాలని నాకెవరూ పంపలేదే!” అన్నాడు.

“నోరు మూసుకుని తర్వాతదాన్ని తీయండి” అంది మా అక్క, ఆయన పక్కనే కూర్చుంటూ.